చీమ సావని పాలు

ఆ నర్సమ్మ నా వంటింట్లోకి వచ్చి, నా సింకులో, నా సబ్బుతో చేతులు కడుక్కున్న దినం గురించి చెప్తా. ఎవురన్నా అడిగితే ఓబుళమ్మ నోరు మంచిది కాదంటారు. మంచిది కాదు, నిజమే. అరవై ఏండ్లు వచ్చినాక ఇంగ ఎవురి కోసం మార్చుకునేది?

మైదుకూరుకు ఏడు కిలోమీటర్లు మా ఊరు. పసుపు, వరి, కొట్టంలో నాలుగు పాడి ఎనుములు. ఒక్కడే కొడుకు, హనుమేషు. మైదుకూరులో ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. వాని పెండ్లాం సుచరిత కర్నూలు పిల్ల, ఎమ్మెస్సీ చదివింది. తల్లి లేదు. తొలి కాన్పు పుట్టింట్లో కదా జరగాల్సింది, తల్లి లేని పిల్లకు పుట్టిల్లు యాడుంటాది? ఆ పురుడు నా నెత్తిన పడె. పడనీ, చేస్తి. మిరియాల కారం, ఎల్లిపాయ కారం నూరి పెడితి. నీళ్ళు కాంచి పోస్తి. పాపకు సాంబ్రాణి పొగ ఏస్తి. ఒక్క దినమన్నా 'అత్తా, నీకు నడుము నొయ్యలేదా' అని ఆ పిల్ల అడిగిన పాపాన పోలేదు. సరే, అది వేరే సంగతి.

పాప పుట్టిన పందొమ్మిదో దినం సుచరితకు చలి పెట్టి జరం వచ్చె. ఏప్రిల్ నెల ఎండలు, బయట కాకులు గూడ నోరు తెరుచుకొని కూర్చోనుండాయి, ఈమేమో రెండు దుప్పట్లు కప్పుకొని వణుకుతాండాది. కుడి రొమ్ము రాయి మాదిరి అయ్యిందని, బిడ్డ నోరు పెడితే ప్రాణం పోతాందని ఏడ్సె.

ఈ కత నాకు తెలిసిన కతే.

ముప్పై తొమ్మిదేండ్ల కిందట నాకు తొలి కాన్పు. మగబిడ్డ. ఇరవై దినాలు నిండకముందే నాకూ ఇట్లనే చలిజరం, ఎడమ రొమ్ము వాపు. మా అత్త ఒక గిన్నెలో నా పాలు పిండి, నల్లచీమను ఒకదాన్ని పట్టి అందులో ఏసె. పాలు మంచివైతే చీమ ఈదుకుంటా వచ్చి అంచెక్కి దాని దోవన అది పోతాది. పాలు ఇసమైతే సస్తాది. మా అవ్వల కాలం నుండి మా ఇండ్లల్లో ఇదే పరీక్ష. నా చీమ సచ్చె. ఇంకోటి ఏసె, అదీ సచ్చె. 'ఇసపు పాలు తాపి వంశాన్ని నాశనం చేస్తావా ముదనష్టపుదానా' అని, ఆ పొద్దే నా రొమ్ములకు మల్లెదండలు బిగించి కట్టె. మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతాయి. బిడ్డకు మేకపాలు పట్టిరి. వానికి వాంతులు, బేదులు. యాభై రెండో దినం పాయ.

మేకపాలను ఎవురూ ఏమీ అనలేదు. నేను తాపిన ఇరవై దినాల పాలే వాని కడుపులో ఇసమై కూర్చున్నాయనిరి. మా ఆయన గంగాధరం బిడ్డను తువ్వాలలో చుట్టుకొని పోయి వంక కాడ పూడ్చి వచ్చె. యాడ పూడ్చినావని నేను అడగలేదు. అడిగే మొగం లేకపాయ. మూడేండ్లకు హనుమేషు పుట్టినప్పుడు, ఇంగా రొమ్ము తడి గాకముందే, నేనే అడిగి మల్లెపూలు కట్టించుకుంటి. వాన్ని ఎనుము పాలతో పెంచుకుంటి. ఊర్లో ఆడోళ్ళు నా ముందర ఏమీ అనరు గానీ, ఇప్పటికీ పసిబిడ్డ తల్లిని చూడను పోతే బిడ్డను రవ్వంత పక్కకు తిప్పుకుంటారు.

అందుకని నాకు ఎవురూ నేర్పియ్యాల్సిన పని లేదు. పాల ఇసం సంగతి నాకు తెలిసినంత ఈ భూమ్మీద ఇంకెవురికీ తెలీదనుకుంటి.

గిన్నె తీస్కపోయి కోడలి ముందర పెడితి. "పిండు" అంటి.

"ఎందుకత్తా?"

"చెప్తా, పిండు."

నాలుగు సుక్కలు పిండేతలికి కండ్ల నీళ్ళు పెట్టుకునె. చక్కెర డబ్బా మూత కాడ ఎప్పుడూ నాలుగు చీమలు తిరుగుతాంటాయి. ఒకదాన్ని పట్టి ఏస్తి. కాళ్ళు కొట్టుకునె, ఒక సుట్టు తిరిగె, ఎల్లకిలా పడె. ఇంకోటి ఏస్తి. అదీ అంతే.

"చూస్తివా?" అంటి. నా కొడుకు కత అంతా ఆమెకు తెలుసు. పెండ్లైన కొత్తలో నేనే చెప్పింటి. "నేను ఒకన్ని సంపుకున్నా. నువ్వు సంపుకోవద్దు."

ఆ పిల్ల మొగం తెల్లబడె. ఎమ్మెస్సీ యాడికి పాయనో ఏమో, గిన్నెలో చీమల్ని చూసుకుంటా బిడ్డను రొమ్ముకు దూరంగా పట్టుకునె. తర్వాత ఫోను తీసి ఏందేందో చదివి, "అత్తా, ఇది రొమ్ముకు వచ్చే ఇన్ఫెక్షన్ అంట, పాలు ఆపకూడదంట" అనె.

"ఫోను కన్నదా బిడ్డను?" అంటి. ఫోను దిండు కిందికి తోసె.

హనుమేషును మైదుకూరు బస్టాండుకు తరిమి ఆరు మూరల మల్లెపూలు తెప్పిస్తి. వాడు నోట్లో నాలుక లేనోడు. పూలు నా చేతిలో పెట్టి, "అమ్మా, కడపకు తీస్కపోయి చూపిద్దామా?" అని నసిగె.

"ఏమప్పా, నీ బిడ్డ బతకాల్నా, వద్దా?"

వాడు అంగడికి పాయ. నేను కోడలికి రెండు పక్కలా పూలు పెట్టి, పాత చీర చింపి బిగించి కడితి. పాపకు ఎనుము పాలల్లో నీళ్ళు కలిపి పాలపీకతో పడితి.

రెండు దినాలు గడిసె. జరం తగ్గలేదు. పాప కడుపు ఉబ్బరించి, కాళ్ళు ముడుసుకొని ఏడుస్తానే ఉండె. మూడో పొద్దు రెండుసార్లు నీళ్ళ బేది. సుచరిత పాప గుడ్డ మార్చుకుంటా నా పక్క చూసె.

"ఎనుము పాలు పడకనే అత్తా ఇది."

"కాదు. నువ్వు తాపిన ఇసం ఇంగా కడుపులో ఉండాది" అంటి.

అది మా అత్త మాట. మాటకు మాట అదే. నా నోట్లో నుండి వచ్చె గానీ, నిజం చెప్తాండా, అది ఆమె మాటని నాకు ఆ గడియ గుర్తు రాలేదు.

అప్పుడు సుచరిత ఏం చేసెనంటే, నేను కొట్టంలో ఉన్నప్పుడు చూసి నర్సమ్మకు ఫోన్ చేసె.

నర్సమ్మ పేరు క్రిస్టినా. ఖాజీపేట మనిషి. పదహైదేండ్లుగా మా ఊరికి స్కూటీ మీద వచ్చి టీకాలు ఏసి పోతాది. మా ఇంటికొస్తే పంచలో కూర్చుంటాది. ఆమెకని ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక గ్లాసు వేరేగా ఉండాయి. అది మా ఇంటి పద్ధతి, మా అత్త నాటిది. ఆమె ఎప్పుడూ గడప దాటి రాలేదు, మేము రమ్మన్నదీ లేదు.

ఆ పొద్దు స్కూటీ ఆపి, సంచి తగిలించుకొని సక్కా లోపలికి రాబోయె.

"కుర్చీ ఉండాది, కూర్చో" అంటి.

"కూర్చోను రాలేదమ్మా. సుచరిత ఫోన్ చేసింది."

"ఫోను దానిది. ఇల్లు నాది."

"రొమ్ము నీదీ కాదు, నాదీ కాదు. ఆ పిల్లది. చూడనీ."

పదహైదేండ్లలో ఆ గొంతు నేను విన్లేదు. నాకు తిక్క రేగె. గడపకు అడ్డం నిలబడితి. "పిలవని పేరంటానికి వచ్చి పెత్తనం చేస్తాండావే? పోలియో సుక్కలు ఏసుకునేదానివి, నీకు తెలుస్తాదా కాన్పుల సంగతి? నా ఇంట్లో ఏం చేయాల్నో నేను చూసుకుంటా, పో."

"పోతా. పోయి మా డాక్టరు మేడంకు చెప్పి నూటెనిమిది బండి పిలుస్తా. అది వాకిట్లో నిలబడి కుయ్యో కుయ్యో అంటాంటే ఊరంతా వచ్చి అడుగుతాది ఏమైందని. అప్పుడు నువ్వే చెప్పుకో."

లోపల్నుండి సుచరిత అరిసె, "రా క్రిస్టినమ్మా!" అని. జరంలో ఉన్న మనిషికి అంత గొంతు యాడ్నుంచి వచ్చెనో.

నన్ను భుజంతో పక్కకు నెట్టుకొని నర్సమ్మ లోపలికి పాయ. వంటింట్లోకి దూరి, సింకులో మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునె. ఓరి నాయనో, ఆ సబ్బును మళ్ళా నేను పారేయాల్నా అనుకుంటి. నా కోడలి రొమ్ము పగిలిపోయే స్థితిలో ఉంటే నేను సబ్బు గురించి అనుకున్నా. చెప్తాండా గదా, నేను అట్లాంటిదాన్నే.

మంచం పక్కన కూర్చొని, ముందు అడిగె. జరం ఎన్ని దినాల నుండి? చలి పెట్టి వస్తాందా? నొప్పి ఒక పక్కేనా, రెండు పక్కలా? పాప నోరు నిండా పట్టి తాగుతాండెనా, కొసన పట్టి లాగుతాండెనా? సుచరిత ఒక్కో దానికి చెప్పుకుంటా వచ్చె. నేను ద్వారబంధం కాడ నిలబడి వింటి. మూడు దినాల్లో ఆ మాటలు నేను ఒక్కటీ అడిగిందాన్ని కాదు.

తర్వాత కట్టు ఇప్పె. మూడు దినాల మల్లెపూలు ఒంటి వేడికి నల్లబడి, ముద్దై, కంపు కొడతాండె. పూలు తీసి పక్కన పెట్టి, తడిగుడ్డతో తుడిసె. కుడి రొమ్ముకు బయటి పక్క, గోరింటాకు పండినట్టు ఎర్రగా ఒక పెద్ద మచ్చ. చర్మం నిగనిగలాడతాండె. చనుముచ్చిక పక్కన అడ్డంగా ఒక పగులు. జరం చూసే పుల్ల పెడితే నూట రెండున్నర.

పాలు పిండించి చీమను ఏస్తి గానీ, నేను ఆ రొమ్మును తెరిచి చూల్లేదు. మల్లెపూలు కట్టేటప్పుడు గూడ కండ్లు పక్కకు తిప్పుకొని కడితి. ఎందుకంటే ఆ ఎరుపు నాకు తెలుసు. చూస్తే నాది నాకు గుర్తొస్తాది.

నర్సమ్మ అరచేతి వెనక పక్క పెట్టి వేడి చూసె. మళ్ళా రెండు చేతుల వేళ్ళతో గడ్డకు అటూ ఇటూ పట్టి మెత్తగా నొక్కె. సుచరిత పండ్లు బిగించి దిండు పట్టుకునె. నర్సమ్మ తల ఆడించి నా పక్క తిరిగె.

"మొదట్లో ఉత్త వాపేనమ్మా. బిడ్డ సరిగ్గా పట్టక ముచ్చిక పగిలింది. పాలు నిలిచిపోయినాయి. ఆ పగులులో నుండి క్రిమి పోయి జరం వచ్చింది. ఆ పొద్దే నన్ను పిలిచింటే మాత్రలతో పోతాండె. పాలు తాపుకుంటానే ఉండాల్సింది. మీరేమో తూము మూసేసినట్టు మూడు దినాలు కట్టి పెడితిరి. ఇప్పుడు చీము పట్టుండాది."

"నీ వేళ్ళకు కండ్లుండాయా, లోపల చీము కనపడనీకి?"

"కనపడదు. తగుల్తాది. చేయి ఇట్లియ్యి."

నేను ఇయ్యలేదు. ఆమె ఎగబడి నా మణికట్టు పట్టుకొని, నా రెండు వేళ్ళు ఆ గడ్డకు ఒక పక్క పెట్టె. రెండో పక్క ఆమె నొక్కె. నా వేళ్ళ కింద మెత్తగా ఏందో పొంగె. ఆమె వదిలె, అది దిగె. మళ్ళా నొక్కె, మళ్ళా పొంగె.

"గట్టి గడ్డైతే ఇట్ల కదలదు. లోపల నీరుండాది. ఆ నీరు చీము. స్కానింగులో చూస్తారు, సూదితో లాగేస్తారు. ఈపొద్దే కడపకు పోవాల."

ఆ పొంగు నా వేళ్ళకు కొత్త కాదు. ముప్పై తొమ్మిదేండ్ల కిందట, బిడ్డ మేకపాలకు ఏడుస్తాంటే, గోడ పక్కకు తిరిగి పండుకొని నా రొమ్మును నేనే తడుముకుంటే ఇట్లనే పొంగె. నెల దినాలకు అదే పగిలి కారిపాయ. ఎడమ పక్క ఇప్పటికీ బొటనవేలు పట్టేంత గుంట ఉండాది. ఇది మా ఆయనకు తప్ప ఎవురికీ తెలీదు. నేను చేయి ఎనక్కు లాక్కుంటి. భయం వేసె. నాకు భయం వేస్తే బయటికి కోపమే వస్తాది.

"సరే, పుండో గడ్డో, కడపలో చూపిస్తాం. నీ పని అయిపాయ గదా, పో ఇంగ."

"ఇంగో మాట. పాపకు ఈ గడియ నుండే తల్లిపాలు పట్టండి. రెండు పక్కలా పట్టొచ్చు. నొప్పికి ఈ పక్క తాపలేకపోతే పిండేయాల. రోగం రొమ్ముకమ్మా, పాలకు కాదు."

"ఇసం తాపమంటావా? నా ఇంటి బిడ్డకు ఇసం తాపమంటావా నువ్వు?"

"ఇసమని ఎవురు చెప్పె?"

"చీమ చెప్పె! మూడు దినాల కింద, ఈడనే, ఈ గిన్నెలోనే. రెండు చీమలు సచ్చె. అడుగు నీ సుచరితమ్మను."

నర్సమ్మ నన్ను కింది నుండి పై దాకా చూసె. ఆ చూపు నాకు పడలేదు. ఎనుమును కొనను వచ్చినోడు గూడ అంత తక్కువగా చూడడు. "చదువుకున్నోల్లమని మీకు ఎచ్చులు" అంటి. "మీ సూదులు రాకముందు మేము బిడ్డల్ని కనలేదా, పెంచలేదా? మంచిపాలకూ చెడ్డపాలకూ తేడా ఈపొద్దు నీకు చూపిస్తా. మంచిపాలలో చీమ ఎట్ల ఈదుకుంటా బయటికొస్తాదో నువ్వే చూడు. చూసి, నా ఇంటి దిక్కు మళ్ళా రావద్దు."

ఇసురుగా పోయి చెంబు తెస్తి. ఆ పొద్దన్నే పిండిన ఎనుము పాలు. నీళ్ళ సుక్క కలపని పాలు. మైదుకూరు హోటలోల్లు నా పాలకు ఎగబడతారు, మా ఇంటి పెరుగు కత్తితో కోయాల. అదే గిన్నె కడిగి, తుడిసి, అందులో నాలుగు సుక్కల ఎనుము పాలు పోస్తి. చక్కెర డబ్బా కాడ ఒక చీమను పడితి. నర్సమ్మ మొగం ముందర గిన్నె పట్టి, ఏస్తి.

చీమ కాళ్ళు కొట్టుకునె. ఒక సుట్టు తిరిగె. ఎల్లకిలా పడె.

"ఇది ముసలి చీమ" అంటి.

నా మాట నాకే తిక్కగా వినపడె. చీమల్లో ముసలిదేంది, పడుచుదేంది? ఇంకోటి పడితి. రవ్వంత పెద్దది. అది ఇంకా బిన్నా, ఒక సుట్టు గూడ తిరక్కుండానే సచ్చె. మూడోది ఏస్తి. నాలుగోది ఏస్తి. నర్సమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఏదన్నా అనింటే బాగుండు, కొట్లాడుకునేదాన్ని. గిన్నెలో పాలు పారబోసి, క్యాను నీళ్ళు పోసి ఐదోదాన్ని ఏస్తి. ఉత్త నీళ్ళు. మేము తాగే నీళ్ళు.

అదీ సచ్చె.

గిన్నె పట్టుకొని నడింట్లో నిలబడితి. మా అత్త, ఆమె అత్త, ఆయమ్మ అత్త, ఇన్ని తరాలు గిన్నెలు పట్టుకొని చీమల్ని ఏస్తిరి. మంచిపాలలో ఒక్కసారి ఏసి చూద్దామని ఒక్కరికి తోచలేదు. అనుమానమున్న తల్లి పాలలోనే ఏసిరి. ఏసిన ప్రతిసారీ సచ్చె. సావక ఏం చేస్తాది? మా అత్త పోయి పదేండ్లాయ. బతికుంటే ఆ గిన్నె తీస్కపోయి ఆమె మొగాన కొట్టేదాన్ని. ఇప్పుడు కొట్టాలంటే ఈ ఇంట్లో ఉండేది నా మొగమొకటే.

మంచం మీద సుచరిత పాపను ఒళ్ళోకి తీసుకొని, కుదురుగా ఉన్న ఎడమ పక్కకు ఆనించుకునె. మూడు దినాల నుండి పీకను నములుతాన్న పాప, రొమ్ము దొరికేతలికి గబుక్కున పట్టుకునె. గుటక పడిన సద్దు నాకు వినపడె. సుచరిత తల ఎత్తి నన్ను చూసె. జరానికి కండ్లు ఎర్రగా ఉండె.

"నీ కొడుకును మేకపాలు సంపినాయత్తా. నా బిడ్డను నువ్వు సంపబోతివి" అనె.

ఇంగో దినమైతే ఆ మాటకు చెంప పగిలిపోయేది. ఆ పొద్దు నా చేతిలో గిన్నె ఉండె. పోయి హనుమేషుకు ఫోన్ చేసి, కారు తీసుకొని రమ్మంటి. గొంతు మారిందేమో, "ఏమైందమ్మా?" అని వాడు మూడుసార్లు అడిగె. నర్సమ్మ చీటీ రాసి సుచరిత చేతికిచ్చి, కడపలో యాడికి పోవాల్నో చెప్పి, సంచి సర్దుకునె. పోతా పోతా పంచలోని ఆమె కుర్చీని చూసె. కూర్చోలేదు. నేను కూర్చోమని అనలేదు. అనాల్సింది గానీ, నోరు రాలేదు.

కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కోడలి ఈడు పిల్ల. రొమ్ము మీద చల్లటి మందు పూసి మిషను పెట్టి చూసె. తెర మీద నల్లగా ఒక గుంత కనపడె. నర్సమ్మ వేళ్ళు ఎంత చెప్పినాయో, అంతే. ఆ తావు తిమ్మిరెక్కేతట్టు మందిచ్చి, సూది గుచ్చి లాగితే రెండు సిరంజిలు నిండా పచ్చటి చీము వచ్చె. "ఇంకో నాలుగు దినాలైతే కోత పెట్టాల్సి వచ్చేది" అనె. మళ్ళా నిండితే మళ్ళా తీయాలంట, రెండు దినాలు ఉండమనె. పాపను పిల్లల డాక్టరు చూసి, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని నా పక్క చూసుకుంటా గట్టిగా చెప్పె. ఎనుము పాలు పట్టింది నేనని ఎవురు చెప్పెనో. మొగం మీద రాసుండాదేమో.

అందరూ బయటికి పోయినాక నేను డాక్టరమ్మ బల్ల కాడ నిలబడితి.

"మేడం, ఇట్ల జరం వచ్చి, రొమ్ములో చీము పడితే, పాలు ఇసమైతాయా?"

"కావమ్మా. బిడ్డకేం కాదు."

"అవి తాగి బిడ్డ సచ్చిపోడా?"

"తాగకపోతేనే కష్టం."

"నలభై ఏండ్ల కిందటైతే?"

ఆ పిల్ల రాస్తా రాస్తా నవ్వె. "నలభై ఏండ్ల కిందటైనా అంతే కదమ్మా. పాలు పాలే." తర్వాత నా మొగం చూసి నవ్వు ఆపె. కుర్చీ జరిపి కూర్చోమనె. నేను కూర్చోలేదు.

హనుమేషును ఆడ తోడుంచి, ఎనుములు పిండాల్నని చెప్పి, పొద్దు వాలకముందే ఒక్కదాన్నే బస్సెక్కి వస్తి. ఖాజీపేట దాటేదాకా చీర కొంగు నోట్లో పెట్టుకొనే కూర్చుంటి. పక్కన కూర్చున్నామె ఏమైందమ్మా అంటే, గమ్మునుండు అంటి.

ఇంటికొచ్చేతలికి మా ఆయన కొట్టంలో ఎనుము కింద కూర్చొని పాలు పిండుతాండె. పొద్దన్నే కాలువ మీది చేనికి పోయిండె, కడపకు పోయినామని హనుమేషు ఫోన్లో చెప్పిండె గానీ, ఇంట్లో జరిగిన రచ్చ ఏదీ ఆయనకు తెలీదు. తల తిప్పకుండానే అడిగె.

"కోడలికి ఎట్లుండాది?"

"చీము తీసిరి. జరం దిగుతాంది."

"మరి పాలు?"

"మంచివేనంట."

"పోనీలే. కోడలి పాలు మంచివైతే ఇంగేం కావాల."

"కోడలివి కాదు" అంటి. "నావి."

పాల ధార ఆగె. ఆయన తల తిప్పి నన్ను చూసె. నా చేయి ఎడమ పక్క గుంట మీద ఉండాదని ఆయన చూసినాకనే నాకు తెలిసె. అర్థమయ్యేదానికి ఆయనకు రవ్వంత సేపు పట్టె. అర్థమైనాక చెంబు కింద పెట్టి, లేయబోయి, లేయలేక ఎనుము కాళ్ళ కాడ ఆ మట్టిలోనే కూలబడె. "ఓబుళూ" అనె. ఆ పిలుపు విని ఎన్నేండ్లాయనో.

"ఏడ్సొద్దు. నాకు ఏడ్సే యాల లేదు, నీకూ లేదు" అంటి. "పొద్దుండంగానే లెయ్యి. వంక కాడ వాన్ని యాడ పూడిస్తివో చూపియ్యి, పా."